ట్రోమ్సో: మబ్బుల్ని బట్టి వేసుకున్న ప్లాన్

బయల్దేరక ముందు

ట్రోమ్సో వెళ్ళాలనుకుంటే ముందు తేల్చుకోవాల్సింది విమానమూ కాదు, హోటలూ కాదు. ఏ నెలలో వెళ్ళాలన్నది. నార్వే ఉత్తర కొసన, ఆర్కిటిక్ వలయం దాటాక ఇంకో 350 కిలోమీటర్లు పైన ఉన్న ఊరది. నవంబర్ చివరి నుంచి జనవరి మధ్య వరకు అక్కడ సూర్యుడు ఉదయించడు. మే 20 నుంచి జులై 22 వరకు అస్తమించడు. ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో మెరిసే రంగుల వెలుగు, అరోరా, కనపడాలంటే చీకటి ఉండాలి కాబట్టి సెప్టెంబర్ నుంచి మార్చి చివరి దాకా ఎప్పుడైనా వెళ్ళచ్చు. తిమింగలాలు కూడా కావాలంటే నవంబర్ నుంచి జనవరి లోపే వెళ్ళాలి. హెర్రింగ్ చేపల గుంపుల వెంట అవి స్కెర్వోయ్ దగ్గరి ఫ్యోర్డుల్లోకి, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లోకి వస్తాయి, ఫిబ్రవరి వచ్చేసరికి సముద్రంలోకి వెళ్ళిపోతాయి.

మ్యూనిక్‌లో ఉండే అక్కావాళ్ళింటికి ఎలాగూ వెళ్తున్నాం, అక్కడి నుంచి అందరం కలిసి ఓ నాలుగు రోజులు ట్రోమ్సో పోయొద్దాం అన్నది మాట. మా మేనకోడలు తిమింగలాలు కావాలంది. అక్క ఒప్పుకోలేదు. "చీకట్లో దిగి, చీకట్లో తిరిగి, చీకట్లో విమానమెక్కడానికి అంత డబ్బు పొయ్యాలట్రా?" అంది. అక్క మాటే నెగ్గింది. ఫిబ్రవరి రెండో వారం ఖాయం చేశాం. అప్పటికి రోజూ ఆరు గంటల పైచిలుకు పగలుంటుంది, మిగతా అంతా చీకటి. వెన్నెల ఉంటే అరోరా పలచబడుతుంది కాబట్టి తేదీలు అమావాస్యకు దగ్గరగా చూసుకున్నాం. ఆ సంగతి తెలిసి మా అత్తగారు ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. అమావాస్య చూసుకుని మరీ ప్రయాణం పెట్టుకున్న అల్లుణ్ణి ఆవిడ ఇంతవరకూ ఎక్కడా చూసి ఉండరు.

వీసా సంగతి చాలామంది అడుగుతారు. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు కానీ, ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల్లో ఉంది. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలన్నది నిబంధన. మాకు ఎక్కువ రోజులు మ్యూనిక్‌లో కాబట్టి జర్మనీ వీసాకే పెట్టి, ట్రోమ్సో టికెట్లు, బస వివరాలు దానికే జత చేశాం. 30,000 యూరోలకు తగ్గని ప్రయాణ బీమా ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. కాగితాల కంటే అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద టెన్షన్. స్లాట్ దొరికిన రోజు మా ఆవిడ ఆఫీసులో స్వీట్లు పంచింది.

తర్వాత బట్టలు. ట్రోమ్సో ఊళ్ళో చలి, దాని అక్షాంశం చూసి మనం ఊహించుకున్నంత ఉండదు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం వల్ల సముద్రం గడ్డకట్టదు. చలికాలంలో సగటున మైనస్ నాలుగైదు. ఊళ్ళో నమోదైన రికార్డు చలి కూడా మైనస్ 18.4 డిగ్రీలే. కానీ అరోరా కోసం రాత్రిపూట సముద్రానికి దూరంగా లోపలికి వెళ్తే మైనస్ 20 దాటడం మామూలే. లంబసింగి చలికి వేసుకునే స్వెట్టరూ మంకీ క్యాపూ అక్కడ లోపలి బట్టల కింద లెక్క. ఒంటికి ఆనేది ఉన్నిది కావాలి. కాటన్ చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, నిలబడ్డామంటే ఆ తడే వణికిస్తుంది. దాని మీద ఇంకో ఉన్ని స్వెట్టర్, ఆ పైన గాలి దూరని జాకెట్. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోవాలి. రెండు జతల సాక్సులు వేశాక వేళ్ళు కదలకపోతే బూటు ఎంత ఖరీదైనదైనా కాళ్ళు కొంకర్లు పోతాయి.

తిండి కూడా ముందే చూసుకున్నాం. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. ఐదుగురం రెండు పూటలా బయట తింటే అయ్యే ఖర్చుతో ఇంకోసారి రావచ్చు. మేం వెళ్ళినప్పుడు అక్కడి డబ్బు, క్రోన్ అంటే సుమారు ఎనిమిది రూపాయలు. అయితే యూరప్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకురానివ్వరు. అందుకని అత్తగారు కట్టిచ్చిన గోంగూర మటన్, నెయ్యి సీసా హైదరాబాద్‌లోనే ఆగిపోయాయి. చింతపండు, కారం, కందిపొడి, ఆవకాయ వచ్చాయి.

ఇక అసలు ప్లాన్. అరోరా యాప్ తెరిస్తే కేపీ సూచిక అని, భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడి ఎంతుందో చెప్పే ఒక అంకె కనిపిస్తుంది. అందరూ దాన్నే పట్టుకుని కూర్చుంటారు. ఇంకా దక్షిణాన ఉన్న దేశాలకు ఆ అంకె ముఖ్యమే. ట్రోమ్సో మాత్రం అరోరా ఎక్కువగా కనిపించే వలయం కిందే ఉంది కాబట్టి అక్కడ కేపీ ఒకటో రెండో ఉన్నా ఆకాశం వెలుగుతుంది. చూడనిచ్చేదీ చూడనివ్వనిదీ మబ్బు. అది గంట గంటకీ మారుతుంది, లోయ లోయకీ మారుతుంది. కాబట్టి పగటి పనులే బుక్ చేసుకుని, రాత్రులు ఖాళీగా వదలాలన్నది నా పట్టు. బావ మాత్రం "ఫిబ్రవరిలో వ్యాన్లన్నీ నిండిపోతాయి, అప్పటికప్పుడంటే ఎవడిస్తాడు?" అన్నారు. అదీ నిజమే. మధ్యేమార్గంగా ఒక్క శుక్రవారం రాత్రికి చిన్న వ్యాన్‌లో సీట్లు కొన్నాం. అదీ ఫలానా చోటికని కాకుండా, మబ్బు ఎటు లేకపోతే అటు తీసుకెళ్ళే గైడ్ దగ్గర. ఫలానా చోట శిబిరం, మంట, సూపు అని ముందే చోటు చెప్పేసే టూర్లు చవగ్గానే ఉంటాయి. పైన మబ్బుంటే సూపు తాగి వచ్చేయడమే.

కారు అద్దెకు తీసుకుని తనే నడుపుతానని బావ చాలా ఉబలాటపడ్డారు. గాజులా ఉండే మంచు రోడ్డు మీద, రాత్రి పూట, కళ్ళు ఆకాశం మీద పెట్టి నడపడం నాకు మాత్రం నచ్చలేదు. అక్కకి అసలే నచ్చలేదు. అక్కడితో ఆ మాట పోయింది.

గురువారం

ఓస్లోలో విమానం మారి మధ్యాహ్నం మూడున్నరకి దిగాం. షెంగెన్‌లోనే ప్రయాణం కాబట్టి పాస్‌పోర్టు మీద ముద్ర పడలేదు. విమానాశ్రయం కూడా ఊరున్న ద్వీపం మీదే ఉంది. 42వ నంబరు బస్సెక్కితే కాసేపట్లో ఊరి మధ్యలో దింపింది. టికెట్ యాప్‌లో కొంటే చవక, డ్రైవర్ దగ్గరైతే ఎక్కువ.

బస్సు దిగిన చోటు నుంచి అపార్ట్‌మెంట్ రెండు వీధుల అవతల. ఆ రెండు వీధులు దాటేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పగలు కరిగిన మంచు సాయంత్రానికి మళ్ళీ గడ్డకడుతుంది. పైన పలచగా నీళ్ళు, కింద నున్నటి మంచుపలక. దాని మీద సూట్‌కేసు మనకన్నా ముందు పోతుంది. ప్రధాన వీధి స్టోర్‌గాటాలో కొంత మేర రాళ్ళ కింద వేడి గొట్టాలు వేశారు, అక్కడ మంచు నిలవదు. పక్క సందులో ఆ వైభవం లేదు. డెబ్బయ్యేళ్ళ ముసలావిడ ఒకరు చేతిలో సంచితో మమ్మల్ని దాటుకుని చకచకా వెళ్ళిపోయారు. కిందికి చూస్తే ఆవిడ బూట్లకు రబ్బరు పట్టీ, దానికి ఇనుప ముళ్ళు. బ్రొడ్డర్ అంటారట. సామాను పడేసి ముందు వెళ్ళి అవే కొన్నాం. ఉత్తరధ్రువ చలి అని అందరూ జాకెట్ల మీద వేలు పోస్తారు. ఇక్కడ నడుములు కాపాడేది మాత్రం ఈ పట్టీలే. దుకాణంలోకి వెళ్ళేటప్పుడు విప్పాలి, ముళ్ళు నేల గీస్తాయి. విప్పి, తొడిగి, మళ్ళీ విప్పడమే ఆ నాలుగు రోజులూ సగం వ్యాయామం.

రాత్రి మంచు కురిసింది. ఆకాశం ఊసే లేదు. సూపర్ మార్కెట్లో బ్రెడ్డు, గుడ్లు, గోధుమరంగు చీజ్ కొన్నాం. ఈ బ్రూనోస్త్ తీపిగా ఉంటుంది. మేనకోడలు కోవాలా ఉందంది, బావ ఒక ముక్క తిని పక్కన పెట్టేశారు.

శుక్రవారం

పొద్దున అవతలి ఒడ్డున కొండ మీదికి వెళ్ళే రోప్‌వే ఎక్కాలనుకున్నాం, గాలి ఎక్కువగా ఉందని ఆపేశారు. చలికాలంలో ఇది తరచూ జరిగేదే కాబట్టి దాన్ని చివరి రోజుకు పెట్టుకోకూడదు. ఆ పూట పోలార్ మ్యూజియంకి మళ్ళాం. రేవు పక్కన 1830ల నాటి కస్టమ్స్ గిడ్డంగి, ఎర్రటి చెక్క గోడలు. లోపల సీల్ వేట, ఇంకా ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో చలికాలమంతా ఒంటరిగా గుడిసెల్లో గడిపిన వేటగాళ్ళ జీవితం. హెన్రీ రూడీ అనే ఆయన 713 ధ్రువపు ఎలుగుబంట్లను చంపాడట. ఒకప్పుడు గొప్ప, ఇప్పుడు చదువుతుంటే కడుపులో దేవినట్టుంటుంది. నేను ఎక్కువసేపు నిలబడింది వానీ వోల్‌స్టాడ్ ఫొటో దగ్గర. ట్రోమ్సోలో టాక్సీ నడిపిన ఆవిడ 1932లో స్వాల్‌బార్డ్‌కి వేటకు వెళ్ళింది, అక్కడ వేటాడిన తొలి మహిళల్లో ఆమెది పెద్ద పేరు. మా ఆవిడా అక్కా కూడా అక్కడే ఆగారు.

మ్యూజియంలో ఇంకో గది రోఆల్డ్ అముండ్‌సెన్‌ది. దక్షిణ ధ్రువాన్ని మొదట చేరినవాడు. 1928 మేలో ఇటలీకి చెందిన నోబిలే గాలినౌక ఉత్తర మంచుల్లో కూలింది. నోబిలేతో అముండ్‌సెన్‌కి అప్పటికే పడదు. అయినా వెతకడానికి బయల్దేరాడు. జూన్ 18న ట్రోమ్సో నుంచి లాథమ్ అనే సీప్లేన్‌లో ఎగిరాడు, మళ్ళీ కనపడలేదు. ఆ విమానం తాలూకు తేలే భాగమొకటి మాత్రం తర్వాత సముద్రంలో దొరికింది. నోబిలే బతికి బయటపడ్డాడు. మ్యూజియం తెరిచింది సరిగ్గా యాభై ఏళ్ళకు, 1978 జూన్ 18న.

సాయంత్రం ఐదుకల్లా అందరికీ నిద్రలు. అరోరాకు పోయేవాళ్ళు పగలు తిరిగి అలిసిపోకుండా ఈ నిద్ర కూడా ప్లాన్‌లో రాసుకోవాలి. ఆరున్నరకి వ్యాన్ దగ్గర గైడ్ ఫోన్లో నార్వే వాతావరణ శాఖ మ్యాప్ చూపించింది. తీరమంతా బూడిదరంగు. లోపల స్కిబోట్న్ లోయ దగ్గర మాత్రం ఖాళీ. పడమర నుంచి వచ్చే మబ్బుల్ని లింగెన్ పర్వతాలు అడ్డుకుని మంచు తమ మీదే రాల్చుకుంటాయి, వెనకాల ఉన్న లోయ పొడిగా మిగిలిపోతుంది. అక్కడా ఆకాశం ఖాళీగా లేకపోతే ఫిన్లాండ్ సరిహద్దు దాటతాం, పాస్‌పోర్టులు ఉన్నాయా అని అడిగింది. దగ్గరుంచుకున్నాం.

రెండు గంటల ప్రయాణం. దిగే ముందు వ్యాన్‌లో ఉన్న ఒంటిసూట్లు మా జాకెట్ల మీదే తొడిగించింది. థర్మామీటర్ మైనస్ 21 చూపిస్తోంది. ముక్కులో తేమ గడ్డకట్టి చిటచిటలాడుతుంది, నవ్వితే పళ్ళు జివ్వుమంటాయి. మా ఆవిడ కళ్ళద్దాల మీద ఊపిరి ఆవిరి కాస్తా మంచు పొరయింది. ఫోన్ బ్యాటరీ అరవై శాతం నుంచి ఒక్కసారిగా ఆరిపోయింది. ఫోన్‌ని లోపలి జేబులో, ఒంటికి ఆనించి ఉంచుకుంటే ఈ బాధ కొంత తగ్గుతుంది.

తొమ్మిదింబావుకి ఉత్తరాన కొండ మీద ఒక బూడిదరంగు చార. మబ్బేమో అనుకున్నాం. గైడ్ కెమెరా పెట్టి తీసింది, తెర మీద పచ్చగా వచ్చింది. కంటికి బూడిద, కెమెరాకు పచ్చ. మొదట్లో ఇలాగే ఉంటుందని, ఫొటోలు చూసి వచ్చినవాళ్ళు చాలామంది ఇక్కడే నిరుత్సాహపడతారని చెప్పింది. బావ మొహంలో ఆ నిరుత్సాహం అప్పటికే ఉంది. "ఇంతేనా?" అని మెల్లిగా తెలుగులో అన్నారు.

పది దాటాక ఆ చార మధ్యలో ముడిపడి పైకి లేచింది. ఇప్పుడు కంటికే పచ్చ. నడినెత్తి దాకా పాకి అక్కడ విచ్చుకుంది. అంచు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి పరిగెత్తుతోంది, ఆ అంచు కింద సన్నగా గులాబీరంగు. చుట్టూ మంచు కూడా పచ్చబడింది, ఒకరి మొహాలొకరికి కనిపిస్తున్నాయి. అక్క అరిచింది. ఏమని అరిచిందో తర్వాత అడిగితే తనకే గుర్తు లేదంది. మేనకోడలు మాత్రం అంత చలిలోనూ పాఠం చెప్పింది: "మామయ్యా, సూర్యుడి నుంచి వచ్చిన కణాలు భూమి అయస్కాంత క్షేత్రం పట్టుకుని ధ్రువాల దగ్గర కిందికి దిగుతాయి. వంద కిలోమీటర్ల పైన ఆక్సిజన్‌ని కొడితే పచ్చ, ఇంకా పైన రెండొందలు దాటితే ఎరుపు. ఆ గులాబీ నైట్రోజన్‌ది." సూర్యుడి దగ్గర పేలుడు జరిగిన రెండు మూడు రోజులకు ఆ కణాలు ఇక్కడికి చేరతాయట. అంటే మేం మ్యూనిక్‌లో సూట్‌కేసు సర్దుతున్నప్పుడు బయల్దేరి ఉంటాయి.

పది నిమిషాల్లో పలచబడింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. ఒంటి గంటకి మనుషులు ఇక తట్టుకోలేక వ్యాన్ ఎక్కాం. ఊళ్ళోకి వచ్చేసరికి మంచు కురుస్తోంది. ఆ రాత్రి ట్రోమ్సోలోనే ఉండి ఆకాశం కేసి చూసినవాళ్ళకు ఒక్క చుక్క కూడా కనపడి ఉండదు.

శనివారం

లేచేసరికి పదకొండు. స్టోర్‌టోర్గెట్ కూడలిలో సామీల తాడు విసిరే పోటీలు జరుగుతున్నాయి. వీళ్ళు నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాల ఉత్తర భాగాల్లో తరతరాలుగా ఉంటున్న జనం. ఫిబ్రవరి 6 వాళ్ళ జాతీయ దినం, 1917లో అదే రోజు ట్రాన్‌హేమ్‌లో వాళ్ళ మొదటి మహాసభ జరిగింది. దాని చుట్టూనే ట్రోమ్సోలో ఈ వారోత్సవం. నేలకు బిగించిన రెయిన్‌డీర్ కొమ్ముల మీద పడేలా దూరం నుంచి తాడు వేయాలి. పదేళ్ళ పిల్లాడొకడు ఎడమచేతిలో తాడు చుట్టలు చుట్టలుగా పట్టుకుని, కుడిచేత్తో ఒక్కసారే ఊపి వదిలాడు. ఉచ్చు గాలిలో పరుచుకుని కొమ్ములకు తగులుకుంది. వాడు అటు చూడను కూడా లేదు, అప్పుడే తాడు వెనక్కి లాగుతున్నాడు. నీలం మీద ఎర్ర అంచుల గాక్తి, అంటే సామీల సంప్రదాయ దుస్తులు తొడుక్కున్న వాళ్ళ నాయనమ్మ వయసావిడ మాత్రం గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆవిడ తరం బడిలో సొంత భాష మాట్లాడనివ్వని రోజుల్లో పెరిగింది. నార్వేలో సామీల పార్లమెంటు వచ్చింది 1989లోనే.

గాలి తగ్గింది. 1960లో కట్టిన వంతెన మీదుగా అవతలి ఒడ్డుకి నడిచాం. కిలోమీటరు పైన ఉంటుంది, మధ్యలో గాలి చెంపలు వాయిస్తుంది. అవతల ఆర్కిటిక్ కెథడ్రల్, 1965 నాటిది. పేరుకే కెథడ్రల్, నిజానికి ఆ పేట చర్చి. బిషప్ కూర్చునే అసలు కెథడ్రల్ ఊరి మధ్యలో ఉన్న 1861 నాటి చెక్క కట్టడం. దాన్ని టూరిస్టులు పెద్దగా పట్టించుకోరు. రోప్‌వే తిరిగింది. 421 మీటర్ల ఎత్తున దిగితే ద్వీపం, రెండు పక్కలా నల్లటి నీళ్ళు, తెల్లటి కొండలు. మూడు దాటగానే సూర్యుడు దిగిపోయినా నాలుగున్నర దాకా నీలి వెలుగు ఉండిపోయింది. ఫొటోలకు ఆ గంటే కావాలి, అది దృష్టిలో పెట్టుకుని ఎక్కాలి.

కిందికి దిగాక బావ బీరు కొందామని దుకాణానికి పరిగెత్తారు. శనివారం ఆరు తర్వాత అమ్మరు, ఆదివారం అసలు అమ్మరు. ఆరూ ఐదు అయింది. సీసాలు ఎదురుగానే ఉన్నాయి, పైన తెర దించేశారు.

ఇంట్లో మాత్రం పండగే. ఈ నెలల్లో బారెంట్స్ సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి తీరానికి వచ్చే కాడ్ చేపని స్క్రై అంటారు. ఊరంతా దాని కోసమే ఎదురుచూస్తుంది. మా ఆవిడ పులుసు పెట్టింది. ఈ చేప ముక్క మన కొర్రమీను లాంటిది కాదు, పొరలు పొరలుగా విడిపోతుంది. చింతపండు పులుసు చిక్కబడ్డాక, పొయ్యి కట్టేసే ఐదు నిమిషాల ముందు మాత్రమే ముక్కలు వేసి గరిటె పెట్టకుండా గిన్నెనే తిప్పింది. "వదినా, ఇంత దూరం వచ్చి కూడా పులుసేనా అని రాత్రి అనుకున్నా, తప్పు మాట" అని అక్క చెంపలేసుకుంది.

ఆదివారం

దుకాణాలన్నీ మూత. పాలూ బ్రెడ్డూ శనివారమే తెచ్చుకోవాలి. కానీ ఆ రోజు స్టోర్‌గాటా అంతా జనమే. వీధి మీదికి మంచు తెచ్చి పోసి రెయిన్‌డీర్ పరుగు పందెం పెడతారు. రెయిన్‌డీర్ ముందు పరిగెత్తుతుంటే, దానికి కట్టిన తాడు పట్టుకుని స్కీల మీద మనిషి వెనకాల జారుతూ పోతాడు. ఒక్కో పందెం రెప్పపాటులో అయిపోతుంది. గెలుపు కంటే మొదలయ్యే ముందు చూడాలి. ఒక రెయిన్‌డీర్ గీత దగ్గర నిలబడనంటుంది, ఇంకోటి జనంలోకి తల పెడుతుంది. ఒకటి సగం దూరం పోయి హఠాత్తుగా వెనక్కి తిరిగింది, స్కీల మీది మనిషి దాన్ని దాటుకుని ముందుకు పోయాడు. వీధంతా నవ్వులు. ముందు వరసలో నిలబడాలంటే గంట ముందు వెళ్ళాలి, ఆ గంటా కదలకుండా నిలబడటానికి స్కిబోట్న్‌లో వేసుకున్న బట్టలే వేసుకోవాలి.

రాత్రి ఆకాశం సగం విచ్చుకుంది. ఖాళీగా ఉంచిన రాత్రి కాబట్టి ఊరి పైన ఉన్న ప్రెస్ట్‌వాన్నెట్ చెరువు దాకా నడిచాం, పైసా ఖర్చు లేదు. గడ్డకట్టిన చెరువు చుట్టూ బాట, వీధి దీపాలు కొంచెం తక్కువ. పలచటి పచ్చ చారలు రెండు మూడు వచ్చి పోయాయి. శుక్రవారం చూసిన కళ్ళకి అవి ఆనలేదు. అక్కడ మొదటిసారి చూస్తున్న ఒక జంట మాత్రం ఎగిరి గంతేశారు. కాబట్టి వ్యాన్‌కి డబ్బు లేనివాళ్ళు ఊళ్ళోనే నాలుగు రాత్రులు ఓపిగ్గా ఉంటే ఏదో ఒకటి దొరికే అవకాశం బాగానే ఉంది. ఒక్క రాత్రి కోసం వచ్చేవాళ్ళకి మాత్రం నేను వద్దనే చెప్తాను.

సోమవారం

విమానాశ్రయం బస్సు ద్వీపం పడమటి పక్కకి వచ్చాక నీళ్ళ అవతల హాకోయ కనిపిస్తుంది. 1944 నవంబర్ 12న జర్మన్ యుద్ధనౌక టిర్పిట్స్‌ను బ్రిటిష్ విమానాలు ముంచింది అక్కడే. వెయ్యి మంది దాకా పోయారు. మ్యూనిక్ బడిలో చదువుకున్న మేనకోడలికి ఆ నౌక పేరు తెలుసు, మాకెవరికీ తెలియదు.

రెక్కల మీది మంచు వేడి ద్రావకంతో కడిగేదాకా విమానం కదల్లేదు. ఆ ఖాళీలో అమ్మ వీడియో కాల్ చేసింది. ఇక్కడ పదకొండు, అక్కడ మూడున్నర. ఫొటోలన్నీ చూసి, వచ్చే ఏడు తననీ తీసుకెళ్ళమంది, కానీ ఆ చలి తన వల్ల కాదు, ఎండాకాలంలో అయితే వస్తానంది. ఎండాకాలంలో అక్కడ రాత్రే ఉండదు, అరోరా కనపడదు, అర్ధరాత్రి సూర్యుడే ఉంటాడని అక్క చెప్పింది.

"పొద్దు గూకని ఊళ్ళో సంధ్యాదీపం ఎప్పుడు పెట్టాలే?" అంది అమ్మ.

"గడియారం చూసి పెట్టు. పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఇచ్చావా, లేదా? ముందది చెప్పు" అంది అక్క.